మామిడి తొర్రలో ఈల బాతు: రాయలచెరువు కింద ఒక గూడు కేసు

2022 నవంబరు 24, సాయంత్రం నాలుగున్నర. తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో, రాయలచెరువు ఆయకట్టు కింద తోట ఉన్న ఒక రైతు ఫోన్ చేశాడు. ఆయన ఆవులకు పదేళ్లుగా నేనే వైద్యం చేస్తున్నాను. ఈసారి ఆవు సంగతి కాదు.

"సార్, ముసలి మామిడి చెట్టు కొట్టిస్తా ఉండాం. తొర్రలోంచి ఒక పక్షి ఎగిరి పోయింది. లోపల గుడ్లు ఉండాయి. చూస్తే బాతు గుడ్ల మాదిరే ఉండాయి. బాతు చెట్టెక్కుతుందా సార్?"

"ఎక్కుతుందన్నా. ముందు రంపం ఆపించు. గుడ్లు ఎవురూ ముట్టుకోవద్దు. బయల్దేరతా ఉండా."

ఇలాంటి ఫోన్లు నాకు ఏటా రెండు మూడు వస్తాయి, ఎక్కువగా వానాకాలం చివర్లో. చెరకు కొట్టేటప్పుడు, తోపులు తీసేటప్పుడు, చెరువు గట్టు మీద జేసీబీ పెట్టినప్పుడు. ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇంక్యుబేటర్ ఎక్కడ దొరుకుతుంది?" గుడ్లు తెచ్చి పొదిగించడమే పుణ్యం అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను, దాని ఫలితం కూడా చూశాను. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. గూడు ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ మనం చెడగొట్టినదాన్ని సరిచేస్తే ఏమవుతుందో ఇందులో కనిపిస్తుంది.

ఏ పక్షి

నేను వెళ్లేసరికి రంపం మేస్త్రీ, ఇద్దరు కూలీలు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. చెరువు వైపు ఆకాశంలో రెండు పక్షులు చక్కర్లు కొడుతున్నాయి. పొడవాటి మెడ, దించిన తల, ఎర్రమట్టి రంగు ఒళ్లు. ఎగురుతూనే సన్నగా, తడవ తడవకీ ఈల. ఇంక అనుమానం లేదు, ఈల బాతే. ఇంగ్లీషులో లెసర్ విజిలింగ్ డక్ అంటారు, పాత పక్షి పుస్తకాల్లో తెలుగు పేరు ఎర్ర చిలువ. మన ఊళ్లలో నీటి బాతు అనో, అడవి బాతు అనో పిలిచి ఊరుకుంటారు.

బాతు అంటే నీళ్ల ఒడ్డున, గడ్డిలో గుడ్లు పెడుతుందని మనకు అలవాటైన లెక్క. పుచ్చ బాతు, అంటే ముక్కు కొసన పసుపు మచ్చ ఉండే స్పాట్ బిల్డ్ డక్, నిజంగా అలాగే చేస్తుంది. చెరువుకు దగ్గరగా పొదల్లో, చెరకు గట్ల మీద నేల గూడు కడుతుంది. ఈల బాతుకు మాత్రం చెట్టు తొర్ర ఇష్టం. తొర్ర దొరక్కపోతే కాకి, కొంగ వదిలేసిన పాత గూట్లో పెడుతుంది. అదీ లేకపోతే నేల మీద జమ్ములో పెడుతుంది. దీని అన్నదమ్ముల వరసలో ఇంకో రెండు తొర్ర బాతులు ఉన్నాయి. మగదాని ముక్కు మీద నల్లటి బొడిపె ఉండే జుట్టు చిలువ ఒకటి, కాటన్ టీల్ రెండోది. కాటన్ టీల్ శాస్త్రీయ నామంలో కోరమాండల్ పేరు ఉంది, అంటే మన తూర్పు తీరం పేరే. ప్రపంచంలోని అతి చిన్న బాతుల్లో అదొకటి. దానికి కూడా నీటి పక్క చెట్టు తొర్రే కావాలి.

చలికాలంలో పులికాట్‌లో వేలల్లో కనిపించే సూదితోక బాతుల వంటివి ఇక్కడ గూడు పెట్టవు. అవి ఉత్తరాన ఎక్కడో పిల్లలు లేపుకుని, మేతకు మాత్రం ఇక్కడికి వస్తాయి. గూడు కోసం మన చెట్టు, మన గట్టు మీద ఆధారపడేవి స్థానిక బాతులే. మన వైపు చెరువులు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వానలకే నిండుతాయి కాబట్టి వాటి గూళ్లు కూడా అక్టోబరు నుంచి ఎక్కువ కనిపిస్తాయి. తోపుల్లో పాత చెట్లు తీయించేది కూడా చాలామంది ఆ నెలల్లోనే, కాపు అయిపోయాక.

గూడు పరీక్ష

తొర్ర నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో ఉంది. అసలు ద్వారం పక్కగా, చెరువు వైపు చూస్తూ ఉంది. పైనున్న పెద్ద కొమ్మ దానికి కప్పులా ఉండేది. మేస్త్రీ ఆ కొమ్మనే ముందు కోశాడు. కోత తొర్ర పైభాగాన్ని తెరిచేసింది. నిచ్చెన ఎక్కి చూస్తే నేరుగా ఆకాశం కిందే గుడ్లు.

మోచేతి లోతులో, పుచ్చిన చెక్క పొట్టు మీద పదకొండు. పాల మీగడ రంగు, మచ్చ లేదు, నాటుకోడి గుడ్డు కన్నా కాస్త చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి. గూట్లో ఒక్క ఈక కూడా లేదు. చాలా బాతులు తమ పొట్ట నుంచి మెత్తని నూగు పీకి గుడ్లకు పరుపు వేస్తాయి, లేచి వెళ్లేటప్పుడు దాన్నే దుప్పటిలా కప్పి వెళతాయి. ఈల బాతులు ఆ పని చేయవు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి కాబట్టి గుడ్లు ఎక్కువసేపు ఒంటరిగా ఉండవు, దుప్పటి అవసరం రాదు. ఈ సంగతి తెలియని వాళ్లు ఈకలు లేని గూడు చూసి "వదిలేసిన గూడు" అని నిర్ణయించేస్తారు. తర్వాత గుడ్లు వంటింటికి పోతాయి.

కొమ్మ పడ్డ అదురుకు రెండు గుడ్లు చిట్లాయి. వాటిని తీసేశాను. సొన కారితే గంటలో చీమలు పడతాయి, చీమలు పడితే మిగతా గూడంతా పోతుంది. సొన అంటిన పక్క గుడ్డును పొడి గుడ్డతో తుడిచానే గానీ కడగలేదు. పెంకు మీద సన్నని పొర ఒకటి ఉంటుంది, సూక్ష్మక్రిములను ఆపేది అదే. నీళ్లు పోస్తే ఆ పొర పోతుంది.

మిగిలిన తొమ్మిదిలో రెండింటిని మాత్రం వెలుతురు పెట్టి చూశాను. అట్టను గొట్టంలా చుట్టి, ఒక కొసన ఫోన్ టార్చ్, రెండో కొసన గుడ్డు. పెంకు తెలుపు కాబట్టి లోపల బాగా కనిపించింది. సాలెగూడులాగా విచ్చుకున్న ఎర్రటి నరాలు, మధ్యలో కదులుతున్న నల్లని చుక్క. రైతు కూడా నిచ్చెన మీద నా వెనకే ఉన్నాడు. "కదులుతా ఉండాది సార్," అన్నాడు, ఊపిరి బిగబట్టి. రెండో గుడ్డూ అదే దశలో ఉంది. బాతు రోజుకో గుడ్డు పెడుతుంది, అన్నీ పెట్టాకే పొదగడం మొదలుపెడుతుంది, అందుకే అన్నీ దాదాపు ఒకే వయసులో ఉంటాయి. నా అంచనా ఏడో రోజు. ఈ జాతికి పొదుగు 22 నుంచి 24 రోజులు. అంటే డిసెంబరు 9 నుంచి 11 లోపు పిల్లలు రావాలి.

ఎందుకు తీసుకెళ్లలేదు

2019లో చిత్తూరు దగ్గర చెరకు కొడుతుంటే పుచ్చ బాతు గూడు బయటపడింది. ఎనిమిది గుడ్లు. నేనే తీసుకొచ్చి పొదుగు మీదున్న నాటుకోడి కింద పెట్టాను. బాతు నీళ్లలో నుంచి తడి పొట్టతో వచ్చి కూర్చుంటుంది, కోడి పొడి ఒంటితో కూర్చుంటుంది. పైన నీళ్లు చిలకరించాను గానీ చాలలేదు. నాలుగు పిల్లలు పెంకు పగలగొట్టాక లోపలి పొర ఎండి అతుక్కుని, బయటికి రాలేక చనిపోయాయి. మూడు వచ్చాయి. కోడి వాటిని పెంటకుప్పకు తీసుకెళ్లింది, అవేమో తొట్టి కనబడితే చాలు అందులోకి దూకేవి. కాసేపటికి ముద్దగా తడిసి వణికేవి. అడవి బాతు పిల్ల తల్లి రెక్కల కింద దూరి వెచ్చబడి, ఒళ్లు ఆరబెట్టుకుంటుంది. వాటికి నీళ్లంటే ఏమిటో ఎరగని కోడి దొరికింది. వారంలో మూడూ పోయాయి. ఆ తప్పు పూర్తిగా నాది. ఆ చెరకు గట్టు మీద పది అడుగుల ముక్క కొట్టకుండా వదిలి ఉంటే సరిపోయేది. అడిగితే ఆ రైతు ఒప్పుకునేవాడు, నేనే అడగలేదు.

అందుకే ఈసారి గుడ్లు తొర్రలోనే ఉంచి, నిచ్చెన తీసి, అందరం పశువుల కొట్టం దాకా వెనక్కి వచ్చేశాం. మనిషి చెయ్యి తగిలితే పక్షి గూటికి రాదని ఊళ్లో గట్టి నమ్మకం. పక్షిని భయపెట్టేది చేతి వాసన కాదు, గూటి దగ్గర మన ఉనికి. అందులోనూ పొదుగు మొదటి రోజుల్లో బెదిరితే వదిలేసే అవకాశం ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఏడో రోజు అంటే మధ్యస్తం. నాకు టెన్షన్‌గానే ఉంది.

ఆరు కావస్తుండగా రెండు పక్షులూ తోపు మీద తిరిగాయి, వాలలేదు. బాగా చీకటి పడింది. ఆరూ నలభైకి ఒకటి పక్క చెట్టు కొమ్మ మీద వాలింది. బాతు కొమ్మ మీద నిలబడటం రైతు మొదటిసారి చూడటం. ఐదు నిమిషాలు కదలలేదు. తర్వాత తొర్ర అంచుకు ఎగిరి, మెడ లోపలికి చాచి, దిగిపోయింది. రెండోది చెరువు వైపు ఈల వేసుకుంటూ వెళ్లిపోయింది. ఆడదీ మగదీ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపలికి దిగింది తల్లో తండ్రో చెప్పలేం.

కట్టెల వ్యాపారి

చెట్టుకు వ్యాపారి 6,000 అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాడు, రేపే లారీ అన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు అర్థం చంపడం ఒక్కటే కాదు. అడవి పక్షి గుడ్లు పాడుచేయడం, గూడు కదిలించడం కూడా అందులోకే వస్తాయి. అది చెప్పాను గానీ దానితో బెదిరించలేదు. పైకొమ్మలు ఇప్పుడు తీసుకుపో, మొదలు సంక్రాంతి తర్వాత తీసుకో అన్నాను. లారీ ఖర్చు రెండుసార్లు అవుతుందన్నాడు. ఆ తేడా రైతు భరించాడు. అటవీ శాఖ బీట్ సిబ్బందికి కూడా ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాం. వాళ్లు మర్నాడు వచ్చి చూసి, గూడు కదపొద్దనే అన్నారు.

అప్పటి నుంచి గూటి కాపలా రైతు భార్యది. ఆమెకు రాత పెద్దగా రాదు. వంటింట్లో వేలాడే టీటీడీ క్యాలెండర్ మీద, పక్షి మారిన రోజు తేదీ పక్కన బొగ్గుతో గీత గీసేది. సందె దీపం పెట్టే వేళకు ఈల వినబడుతుంది, ఒకటి వస్తుంది, లోపలున్నది వెళుతుంది. పది రోజుల గీతలు చూస్తే ఒక్క రోజు కూడా తప్పలేదు. నా దగ్గరున్న కేసు రికార్డుల్లో అంత శ్రద్ధగా రాసినవి తక్కువ.

కప్పు

డిసెంబరు మొదటి వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం కబురు. తర్వాత దానికే మాండూస్ అని పేరొచ్చింది. లెక్క వేస్తే తుఫాను, పిల్లలు బయటికి వచ్చే రోజు రెండూ ఒకే చోటికి వస్తున్నాయి. పైకప్పు పోయిన తొర్ర అంటే బొక్కెన లాంటిదే. రెండు గంటల గట్టి వాన చాలు, గుడ్లు నీళ్లలో తేలతాయి.

మొదట రేకు ముక్క అనుకున్నాం. రేకు మీద వాన పడితే డప్పు కొట్టినట్టుంటుంది, లోపలున్న పక్షి ఆగదు. టార్పాలిన్ గాలికి రెపరెపలాడుతుంది. చివరికి రైతు తమ్ముడు రెండు తాటాకులు కోసుకొచ్చాడు. కోసిన కొమ్మ మొండేనికి వాటిని గొడుగులా, తొర్రకు జానెడు ఎత్తున కట్టాం. పక్కనున్న పాత ద్వారం ముట్టుకోలేదు. ఇంకో చిక్కు ఉంది. వాన నీళ్లు మొండెం వెంబడి జారి తొర్రలోకే దిగుతాయి. అందుకు మొండెం చుట్టూ లావుపాటి కొబ్బరి తాడు బిగించి, దాని కొస కిందికి వేలాడదీశాం. జారే నీళ్లు తాడు దగ్గర ఆగి, కొస వెంబడి బయటికి కారిపోతాయి. 7వ తేదీ సాయంత్రం, వంతు మారే వేళకు కాస్త ముందు, పన్నెండు నిమిషాల్లో పని ముగించాం. లోపలి పక్షి ఎగిరిపోయింది. యాభై నిమిషాల తర్వాత తిరిగి వచ్చింది.

9వ తేదీ రాత్రి మాండూస్ మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మన వైపు రాత్రంతా వాన. నేను తిరుపతిలో ఇంట్లోనే చిక్కుకుపోయాను. నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆరున్నరకు ఫోన్.

"తాటాకు ఒక పక్కకు ఒరిగింది సార్. ఆయమ్మ మాత్రం కూర్చోనే ఉండాది."

ఆడో మగో తెలియని పక్షి అప్పటికే ఆ ఇంట్లో ఆయమ్మ అయిపోయింది.

దూకిన పొద్దు

11వ తేదీ సాయంత్రం చెట్టుకు చెవి ఆనిస్తే లోపల కిచకిచలు. పుట్టిన పిల్లలు ఒక రోజు తొర్రలోనే ఆరి, బలం తెచ్చుకుని తర్వాత దూకుతాయి. ఆ రాత్రే మిగతా పనులు పూర్తి చేశాం. చెట్టు కింద ఎండు మామిడాకు, వరిగడ్డి మోకాలెత్తు పరిచాం. రెండు కుక్కలను కట్టేశాం. తోపుకూ చెరువుకూ మధ్య సిమెంటు గోడల పంట కాలవ ఉంది. నిటారు గోడ, మూడడుగుల లోతు, అడుగున్నర నీళ్లు. పిల్లలు అందులో పడితే ఎక్కలేవు. ఇసుక మూటలు మెట్లుగా పేర్చి, మీద తడి గోనె పరిచి, ఏటవాలు దారి కట్టాం.

12వ తేదీ, ఆరూ యాభై. పెద్ద పక్షులు రెండూ చెట్టు కింద గడ్డిలో నిలబడి చిన్నగా, ఆపకుండా ఈల వేస్తున్నాయి. తొర్ర అంచున మొదటి తల కనబడింది. నలుపు, తెలుపు చారల నూగుతో నిమ్మకాయంత పిల్ల. పుట్టిన మర్నాడే నిలువు చెక్కను పాకి ఎక్కడానికి దాని గోళ్లు సూదుల్లా ఉంటాయి. అంచున కాసేపు ఊగింది. కాళ్లు చాచి, పొట్టి రెక్కలు విప్పి, గాల్లోకి వదిలేసుకుంది. ఆకుల మీద పడి ఒకసారి ఎగిరి, మళ్లీ పడి, లేచి నడిచింది. ఒంట్లో బరువు లేదు, ఎముక ఇంకా మెత్తన, ఒళ్లంతా నూగు. అందుకే దెబ్బ తగలదు. ఈ బాతులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని దించుతాయని ఊళ్లో చెబుతారు. నేను చూసింది మాత్రం దూకడమే.

ఆరు దూకాయి. ఏడోది దూకబోయి గాల్లోనే ఆగిపోయింది. మేం కట్టిన కొబ్బరి తాడు పీచులో కాలి గోరు చిక్కుకుంది. తలకిందులుగా వేలాడుతూ అరుస్తోంది. నేను నిచ్చెన వేసుకుని ఎక్కి, పీచు కత్తిరించి, పిల్లను కింద ఆకుల్లో వదిలేసరికి మూడు నిమిషాలు. పెద్ద పక్షులు ఇరవై గజాలు వెనక్కి పోయాయి గానీ ఎగిరిపోలేదు. కాపాడటానికి కట్టిన తాడే ఉరి అయ్యేది. ఇప్పుడు ఎక్కడైనా తాడు కట్టాల్సి వస్తే పీచు లేని నైలాన్ తాడు వాడతాను, పిల్లలు దూకే ముందు రాత్రి విప్పేస్తాను.

చెరువు దాకా దాదాపు మూడు వందల గజాలు. ఒక పెద్ద పక్షి ముందు, ఒకటి వెనక, మధ్యలో ఏడు పిల్లలు. కాలవలోకి అన్నీ దూకాయి. ఐదు మా గోనె దారి ఎక్కాయి. రెండు నీటి వాలుకు కొట్టుకుపోతుంటే రైతు కొడుకు దిగి, చేటతో ఎత్తి గట్టు మీద పెట్టాడు. దారి ఒక్కటి చాలదు, పది అడుగుల దిగువన రెండోది కూడా కట్టి ఉండాల్సింది. ఏడూ పదిహేడుకు చివరి పిల్ల జమ్ములోకి దూరింది.

తర్వాత

తొర్రలో రెండు గుడ్లు మిగిలాయి. ఒకటి ఖాళీ, పిండమే లేదు. రెండోదానిలో పిల్ల పూర్తిగా పెరిగి, పెంకు పగలగొట్టే దశలో చనిపోయింది. పదకొండులో రెండు రంపం అదురుకు పోయాయి, ఏడు నీళ్లకు చేరాయి. 2023 జనవరి 1న చెరువు మూల జమ్ములో పెద్ద పక్షులతో ఐదు పిల్లలను లెక్కపెట్టాను. మిగతా రెండూ గద్దకో, పాముకో, పెద్ద చేపకో పోయి ఉంటాయి. అడవి బాతు అన్ని పిల్లలు పెట్టేది అందుకే.

ఇలాంటి ఫోన్ వచ్చిన మిత్రులకు నా దగ్గరున్న మాట ఇది. ముందు మనుషుల్ని, యంత్రాన్ని దూరం జరపండి, చీకటి పడేదాకా ఆగి చూడండి. ఈల బాతు రాత్రి మేసే పక్షి, దాని రాకపోకలు సందెవేళే. పట్టపగలు గంటసేపు కాచి "రాలేదు" అనుకుని గుడ్లు తీసేసిన కేసులు నాకు తెలుసు. ఒక్క గుడ్డు వెలుతురులో చూస్తే ఇంకెన్ని రోజులు ఆగాలో రైతుకు తేదీతో సహా చెప్పగలరు. "పక్షిని కాపాడన్నా" అంటే ఎవరైనా తల ఊపుతారు గానీ, ఎన్నాళ్లో తెలియకపోతే పని ఆపరు. "డిసెంబరు 12 దాకా ఆగు" అంటే ఆగుతారు. ఈ రైతు ఆగింది కూడా ఆ తేదీ చెప్పాకే.

సంక్రాంతి తర్వాత వ్యాపారి మొదలు కోసం వచ్చాడు. రైతు అడ్వాన్స్ తిరిగి ఇచ్చేసి పంపేశాడు. తర్వాతి నవంబరులో ఆవుకు సూది వేయడానికి వెళ్లినప్పుడు తొర్రలోకి తొంగి చూశాను. బాతు లేదు. పుచ్చిన పొట్టు మీద కూర్చున్న పైడికంటె, అంటే చిన్న గుడ్లగూబ, గుండ్రటి పసుపు కళ్లతో నన్నే చూసింది. నిచ్చెన చప్పుడు కాకుండా దిగిపోయాను.